రెండు యంత్రముల వియ్యము

వివాహమనగా రెండు కుటుంబములు కలియుట యని మన పెద్దలు చెప్పుదురు. ఆ కలయికలో ఒక యింటివారి మాట పెద్దదై రెండవవారి మాట వినబడకపోయినచో పందిటిలోనే పొరపొచ్చెములు పుట్టుట మనము చూచుచున్నాము. అయితే నేటి కల్యాణమంటపములలో ఎవరి దృష్టికిని రాని మఱియొక వియ్యము కూడ జరుగుచున్నది. పాటకచేరి చేయవచ్చిన బృందమువారు తమ మైకులను, మిక్సరును, రెండు పెద్ద స్పీకర్లను వెంట దెచ్చుకొందురు. మంటపము వారి స్పీకర్లు అంతకు ముందే గోడలకును, స్తంభములకును, కప్పునకును బిగింపబడి యుండును. ఈ రెండింటిని ఒక తీగతో కలిపి, "కనెక్షను ఇచ్చినాము" అందురు. ఆ తీగ సరిగా కలిసిన నాడు పాట ఇల్లంతయు నిండును. సరిగా కలియని నాడు చెవులు గింగురుమనును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వచ్చును.

"ఇది కరెంటు పనివారి సంగతి గదా, ఆడవారికేల?" యని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. మంటపము కుదుర్చునపుడు వంటశాలలో నీళ్లు వచ్చునా, పెండ్లికూతురి గదికి గడియ యున్నదా యని విచారించువారము మనమే. బాలింతలను, పసిబిడ్డలను, ముసలివారిని వెంటబెట్టుకొని తిరుగువారమును మనమే. కచేరి జరుగుచున్నంతసేపు వేదికకు దూరముగా, భోజనశాలలోనో వంటయింటి గుమ్మములోనో నిలుచువారమును మనమే. కావున ఆ పాట ఎంత దూరము వచ్చును, ఎట్లు వచ్చును, ఎవరి చెవి కెంత హాని చేయును అను విషయములు మనకు తెలిసియుండుట మేలు.

మా యింటి అనుభవము

మొన్నటి మాఘమాసములో మా పినతల్లిగారి మనుమరాలి వివాహమునకు గోదావరి తీరమందలి ఒక పట్టణమునకు వెళ్లితిమి. అప్పగింతలనాటి సాయంకాలము పాటకచేరి యేర్పాటు చేసిరి. మా పినతల్లిగారికి డెబ్బదియారేండ్లు. ఆమె తన తల్లివద్ద నేర్చిన అప్పగింతల పాటను ఆనాడు మైకులో పాడవలెనని మనుమరాలు పట్టుబట్టినది.

కచేరి మొదలైనది. వేదికముందు మూడు వరుసలవారికి పాట ఉఱుములాగు వినబడుచుండెను. ఆ వరుసలలోని పిల్లలు చెవులు మూసికొనుచుండిరి. భోజనశాలలో మాత్రము పాట యున్నట్లే తెలియదు. పెండ్లికూతురి తల్లి, అనగా మా చెల్లెలు, అక్కడ వియ్యాలవారికి వడ్డనలు చూచుచుండెను. "అక్కయ్యా, అమ్మ పాడేటప్పుడు ఒక్క కేక వెయ్యి, పరుగెత్తుకు వస్తాను" అని మాతో అన్నది. చేతిలో నేతిగిన్నె యున్నది. ఆమె రాలేదని ఆమెకును తెలియును, మాకును తెలియును.

అప్పుడు మేము మంటపమువారిని పిలిచి, భోజనశాల కప్పులోని స్పీకర్లలో పాట వచ్చునట్లు చేయుడని కోరితిమి. కరెంటు పని చూచు కుర్రవాడు ఒక పొడుగు తీగ తెచ్చి బృందమువారి మిక్సరు నుండి మంటపము గదిలోని యంత్రమునకు కలిపినాడు. వెంటనే కప్పులోనుండి తేనెటీగల తుట్టె కదలినట్లు 'గుంయి'మను మ్రోత బయలుదేఱినది. ఆ మ్రోతలో పాట వచ్చినదిగాని, చిరిగిన గుడ్డను గుంజినట్లు బరబరలాడుచు వచ్చినది. కుర్రవాడు అటుయిటు చూచి, జేబులోని పట్టుకారుతో బృందమువారి ప్లగ్గునకున్న లావుపాటి పుల్లను విఱిచివేసినాడు. మ్రోత ఆగినది. అందఱును "భేష్" అనిరి.

మా పినతల్లిగారు చేతులు కడుగుకొని, తడి చేతులతోనే వేదిక యెక్కి మైకు నందుకొనబోయినది. కీబోర్డు వాయించుచున్న పెద్దమనిషి చటాలున లేచి అడ్డు వచ్చినాడు. "బామ్మగారూ, ఒక్క నిమిషం ఆగండి. ఆ మైకు ముట్టుకోకండి" అన్నాడు. ఆయన విఱిగిన పుల్లను నేలమీద చూచినాడు. ఆ పుల్ల యేమిటో, ఆయన తరువాత నేమి చేసినాడో చెప్పుటకు ముందు, అసలు రెండు యంత్రములను ఏల కలుపవలసి వచ్చునో తెలిసికొందము.

ఏల కలుపవలెను?

మానవుని కంఠమును యంత్రముచేత పెద్దది చేసి జనసమూహమునకు వినిపించుట నూఱేండ్లకు కొంచెము పైబడిన విద్య. పీటర్ జెన్సెన్ అను డెన్మార్కు దేశీయుడును, ఎడ్విన్ ప్రిధాం అను అమెరికనుడును తాము కల్పించిన 'మాగ్నవాక్స్' అను లౌడు స్పీకరును 1915 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగర భవనము నొద్ద వేలకొలది జనమునకు వినిపించిరి. అది మొదలు సభలకును, తిరునాళ్లకును, పెండ్లిండ్లకును లౌడు స్పీకరు ముఖ్యమైనది.

శబ్దమునకొక స్వభావము కలదు. ఆరుబయట దూరము రెట్టింపైనచో దాని శక్తి నాలుగవ వంతునకు తగ్గును. శబ్దమును కొలుచు డెసిబెల్ లెక్కలో ఇది 6 తగ్గుట. వేదికమీది రెండు స్పీకర్లతోనే కడపటి వరుసకు పాట చేరవలెనన్నచో ముందువరుసవారి చెవులు పగులునట్లు పెంచక తప్పదు. పిల్లలు వేదికముందే కూర్చుందురు గదా! పాయసమంతయు ఒక్క విస్తరిలో కుమ్మరించి, "అదిగో, అక్కడనుండి పంక్తికంతటికిని ప్రాకును" అనుట యెట్టిదో ఇదియు నట్టిదే. విస్తరి విస్తరికి గరిటెడు వడ్డించుట మర్యాద. మంటపమంతట దగ్గఱ దగ్గఱగా నున్న చిన్న స్పీకర్లు అట్టి వడ్డన చేయును. కావున బృందమువారి స్పీకర్లు ముందుభాగమునకును, మంటపపు స్పీకర్లు వెనుకభాగమునకును, భోజనశాలకును పని చేసినచో ఎవరికిని ఎక్కువ తక్కువలుండవు.

ఈ కలయిక సరిగా లేక లోకప్రసిద్ధమైన కచేరి చెడిన కథ యొకటి కలదు. బీటిల్స్ అను ఇంగ్లండు గాయకులు నలుగురు 1965 ఆగస్టు 15వ తేదీన న్యూయార్కులోని షే స్టేడియములో పాడిరి. వచ్చినవారు సుమారు 55,600 మంది. వాద్యములకై వారు వెంట దెచ్చుకొన్నవి 100 వాట్ల ఆంప్లిఫయర్లు. కంఠములు మాత్రము ఆటలలో ప్రకటనలు చేయుటకు ఆ స్టేడియములో నమర్చిన స్పీకర్లగుండ వచ్చినవి. ప్రకటనకు చాలిన యంత్రము పాటకు చాలదు. జనుల కేకలలో పాట మునిగిపోయినది. పాడుచున్నవారికే తమ పాట సరిగా వినబడలేదు. మరుసటి యేడు, 1966 ఆగస్టు 29వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో పాడి, వారు ఇట్టి యాత్రలు చాలించిరి. మంటపములో స్పీకర్లున్నవని విన్నంతమాత్రమున తృప్తిపడరాదనియు, అవి మాటలకొఱకు పెట్టినవా పాటకొఱకు పెట్టినవా యని అడుగవలెననియు ఈ కథ మనకు నేర్పుచున్నది.

మూడు కొలతల ప్రవాహము

ఇక తీగలోనుండి యేమి ప్రవహించుచున్నదో చూతము. మైకులో మనము పాడినపుడు పుట్టు విద్యుత్తు మిక్కిలి సన్నని ధార; వోల్టులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే. మిక్సరు అనునది దీనిని పెంచి, పలు కంఠములను వాద్యములను తగుపాళ్లలో కలిపి, సుమారొక వోల్టు బలముగల ధారగా బయటికి పంపును. దీనిని పనివారు 'లైను' అందురు. దాని తరువాత ఆంప్లిఫయరు దానిని ఇంకను పెంచి స్పీకరును కదలించును. 8 ఓముల స్పీకరునకు 100 వాట్లు అందవలెనన్నచో సుమారు 28 వోల్టులు కావలెను.

మజ్జిగచుక్క, చెంబు, బిందె అను మూడు కొలతలుగా వీనిని తలంచుకొనుడు. చుక్క పట్టు చోట చెంబు కుమ్మరించినచో పొరలిపోవును. మా పెండ్లిలో పాట బరబరలాడుటకు కారణ మిదియే. బృందమువారి మిక్సరునుండి వచ్చినది లైను. కుర్రవాడు దానిని మంటపపు యంత్రములో మైకుకొఱకున్న రంధ్రమున దూర్చినాడు. వందలరెట్లు హెచ్చైన ధార వచ్చి పడుటచే ఆ యంత్రము పాటను కొసలు నఱికి పంపినది. మైకు మీటను లైను వైపునకు మార్చుటయో, లైనుకొఱకు ప్రత్యేకముగా నుండు రంధ్రమును వాడుటయో దీనికి మందు. కొన్ని మైకులకు శక్తి నిచ్చుటకై మిక్సర్లు 48 వోల్టులను తీగగుండ పంపును. రెండు మిక్సర్లను కలిపినపుడు ఆ మీటను తప్పక ఆర్పివేయవలెను.

చెంబు స్థానమున బిందె కుమ్మరించుట ఇంకను ప్రమాదము. స్పీకరుకు పోవలసిన ధారను మిక్సరులోనికి పంపినచో ఆ మిక్సరు కాలిపోవచ్చును. పెద్ద మంటపములలో మఱియొక జాగ్రత్త కలదు. అచ్చట కప్పులోని స్పీకర్లు చాలవఱకు '100 వోల్టుల లైను' అను పద్ధతిమీద నడచును. దూరము పోవుటలో శక్తి నష్టము కాకుండ ఆంప్లిఫయరు హెచ్చు వోల్టులతో పంపగా, స్పీకరు స్పీకరుకు నున్న చిన్న ట్రాన్స్‌ఫార్మరు దానిని తగ్గించి పుచ్చుకొనును. మన వీథులలో కరెంటు స్తంభములమీది ట్రాన్స్‌ఫార్మర్లు చేయుపని యిట్టిదే. బృందమువారు తమ ఆంప్లిఫయరును తిన్నగా ఈ తీగలకు తగిలింపరాదు. మిక్సరునుండి మిక్సరునకు లైను మాత్రమే పోవలెను; మంటపపు స్పీకర్లను మంటపపు ఆంప్లిఫయరే నడుపవలెను. వియ్యాలవారు ఎంత దగ్గఱివారైనను వారి వంటయింటి తాళము వారిదే!

తీగలోను మేలురకము కలదు. మూడు సూదుల కొక్కెము గల తీగలో ఒక సూది కవచమునకు. తక్కిన రెంటిలో ఒకే పాట ఎదురుబొదురుగా పోవును. దారిలో దీపములనుండియు, మోటార్లనుండియు చొచ్చుకొనిన రొద రెండు తీగలలో ఒకే విధముగా నుండును. కొసనున్న యంత్రము రెంటికిని గల తేడాను మాత్రమే గ్రహించును గావున రొద కొట్టివేయబడి పాట మిగులును. ముప్పది గజముల దూరము పోవు తీగ ఇట్టిదిగానే యుండవలెను.

విఱిగిన పుల్ల

ఇప్పుడు ఆ లావుపాటి పుల్ల సంగతి. మన ప్లగ్గులకు మూడు పుల్లలుండును. రెండు సన్ననివి, ఒకటి లావుది. ఆ లావుదియే ఎర్తు. యంత్రములోపల తీగ తొడుగు చెడి కరెంటు ఇనుప పెట్టెకు తగిలినచో, ఆ కరెంటు ఎర్తుగుండ భూమిలోనికి పోవును; ఫ్యూజు తెగును; మనిషి బ్రదుకును. ఎర్తు లేనిచో ఆ కరెంటు మనిషికొఱకు కాచుకొని యుండును. మైకు కాడయు ఇనుమే. అది తీగ కవచముగుండ పెట్టెకు కలిసియే యుండును.

మఱి ఎర్తువలన మ్రోత ఏల వచ్చినది? బృందమువారి యంత్రము వేదికనొద్ద ఒక ఎర్తునకును, మంటపపు యంత్రము గదిలో నింకొక ఎర్తునకును కలిసియున్నవి. రెండు చోట్ల ఎర్తు సరిసమానముగా నుండదు. నడుమ పాటతీగ తగిలింపగానే దాని కవచము ఆ రెంటిని కలిపి యొక వలయమైనది. ఆ వలయములో తిరుగు కొద్దిపాటి కరెంటే మ్రోత. మన దేశపు కరెంటు సెకనునకు 50 మాఱులు దిశ మార్చి మరల వచ్చును గావున, ఆ మ్రోతయు 50 లెక్కనను, దాని రెట్టింపుల లెక్కనను పలుకును. పుల్ల విఱిచినచో వలయము తెగును; మ్రోత ఆగును; నిజమే. కాని దానితో రక్షణయు తెగును. అటుపై ఆ పెట్టెకును భూమికిని మిగిలిన బంధము సన్నని పాటతీగ కవచ మొక్కటే. ఎవరి కాలైనను తట్టి ఆ తీగ ఊడినచో అదియు లేదు.

ఇది ఉత్త భయము కాదు. 1972 మే నెలలో వేల్సు దేశమందలి స్వాన్సీ పట్టణములో, స్టోన్ ద క్రోస్ అను బృందమున గిటారు వాయించు లెస్ హార్వీ ఎర్తు సరిగా లేని మైకును పట్టుకొని వేదికమీదనే ప్రాణములు విడిచెను. ఆయన ఎదుట జనమున్నారు, దీపములున్నవి, తోడివారున్నారు. లేనిది ఎర్తు ఒక్కటే.

మా కీబోర్డు పెద్దమనిషి ముందుగా యంత్రములన్నిటిని ఆర్పించినాడు. విఱిగిన ప్లగ్గు తీసివేసి తన సంచిలోని మంచి ప్లగ్గు వేసినాడు. వేదికనుండి మంటపము గదికి పోవు తీగనడుమ అఱచేతిలో ఇముడునంత ఇనుప పెట్టె యొకటి తగిలించినాడు. డి.ఐ. పెట్టె యని వాడుక. అందులో చిన్న ట్రాన్స్‌ఫార్మరు కలదు: రెండు తీగచుట్టలు, ఒకదాని నొకటి తాకవు. ఒక చుట్టలో పాట ప్రవహింపగా పుట్టిన అయస్కాంతశక్తి రెండవ చుట్టలో అదే పాటను పుట్టించును. పాట దాటును, ఎర్తు వలయము దాటదు. ఆ పెట్టెమీద 'గ్రౌండ్ లిఫ్ట్' అను చిన్న మీట యుండును. అది పాటతీగలోని కవచమును మాత్రమే విడదీయును గాని కరెంటు ప్లగ్గులోని ఎర్తును ముట్టదు. మ్రోత పోగొట్టుటకు పాటతీగలో కవచము విడదీయుట వైద్యము. కరెంటు ప్లగ్గులో ఎర్తు విఱుచుట హత్య. ఈ ఒక్క వాక్యమును సోదరీమణులు మఱవకుందురుగాక!

మఱియొక సుళువైన ఉపాయమును ఆయన చెప్పినాడు. "మా పెట్టెకీ, మంటపం పెట్టెకీ ఒకే బోర్డు నుంచి కరెంటిస్తే సగం మ్రోత పుట్టనే పుట్టదమ్మా. రంగు దీపాలకి వేరే ఫేజు ఇవ్వాలి" అన్నాడు. వేదికకును గదికిని వేర్వేఱు ఫేజులనుండి కరెంటు వచ్చుచున్నచో, వాని నడుమ 400 వోల్టులకు తక్కువగాని తేడా యుండును. అది మాటలు గాదు. అట్టి పనికి లైసెన్సుగల ఎలక్ట్రీషియను ఉండి తీరవలెను. 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోవు రక్షణ మీట వేదిక బోర్డునకున్నచో మఱింత నిశ్చింత.

కేకయు, మాఱుపలుకును

మ్రోత పోయిన తరువాత రెండు చిక్కులు మిగులును. మొదటిది 'కీ'యను కేక. స్పీకరులోని పాట మైకులో పడును, మరల స్పీకరులోనికి పోవును, మరల మైకులో పడును. ఆ సుడిలో ఒక్క స్వరము క్షణములో పెరిగి చెవి చిల్లులు పడునట్లు అఱచును. దీని తత్త్వమును పరిశీలించిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్ లార్సెన్ పేరిట దీనిని లార్సెన్ ఫలమని కొన్ని దేశములలో పిలుతురు. మంటపపు స్పీకర్లు కలుపగానే ఇది హెచ్చును. ఏలయన వేదికపై కప్పులో నున్న స్పీకర్లు పాడువారి తలమీదనే యుండును. వానిని ఆర్పివేయుట మొదటి పని. రెండవది, మైకును నోటికి దగ్గఱగా నుంచుట. దూరము సగమైనచో మైకులో పడు కంఠశక్తి నాలుగింతలగును. అప్పుడు యంత్రమును తగ్గించుకొనవచ్చును. మన ఆడపిల్లలు సిగ్గుచేత మైకును జానెడు దూరములో పట్టుకొందురు, పాట వినబడక యంత్రమును పెంచుదురు, కేక వచ్చును, పిల్ల బెదరి దిగిపోవును. లోపము పిల్ల గొంతులో లేదు, జానెడు దూరములో నున్నది.

రెండవ చిక్కు మాఱుపలుకు. విద్యుత్తు తీగలో రెప్పపాటునకంటె ముందే పోవును. గాలిలో శబ్దము సెకనునకు సుమారు 345 మీటర్లే పోవును. వేదికకు 30 మీటర్ల దూరమున స్పీకరు క్రింద కూర్చున్నవారికి తలమీది పాట ముందు వినబడి, వేదికపాట సెకనులో పండ్రెండవ వంతు వెనుకగా చేరును. అంత వ్యత్యాసమున్నచో మాట మాటకు మాట తగులుకొని, మంత్రము కూడ అర్థము కాదు. హెల్ముట్ హాస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1949లో దీనిని పరిశీలించెను. ఒకే శబ్దము రెండు చోట్లనుండి సెకనులో వెయ్యవ వంతులు 30కి లోపు తేడాతో వచ్చినచో చెవి దానిని ఒక్కటిగానే గ్రహించుననియు, ముందు వచ్చిన దిక్కునుండియే వచ్చినట్లు తలచుననియు ఆయన పరిశోధన తెల్పినది. కావున వెనుక స్పీకర్లకు పోవు పాటను కావలెననియే కొంచెము ఆలస్యము చేయుదురు. మీటరు దూరమునకు సుమారు వెయ్యవ వంతులు మూడు చొప్పున లెక్క. నేటి మిక్సర్లలో దీనికి ప్రత్యేకముగా సదుపాయము కలదు. సరిగా నమర్చినచో వెనుక కూర్చున్న అవ్వకును పాట వేదికనుండియే వచ్చుచున్నట్లుండును.

ఇక రుచి మాట. బృందమువారు తమ మిక్సరులో మంద్రమును తారమును తమకు నచ్చినట్లు సరిచేసి పంపుదురు. మంటపపు మనిషి తన యంత్రములో మరల మంద్రము పెంచును. ఇద్దఱు వంటవారు ఒకే పులుసులో ఉప్పు వేసిన చందమగును. కలుపుటకు ముందు మంటపపు యంత్రములో మీటలన్నియు నడుమ నుంచి, రుచి చూచు భారమును బృందమువారికి విడుచుట మంచిది.

చెవుల మాట

పసిబిడ్డల తల్లులు ఈ భాగమును శ్రద్ధతో చదువుదురుగాక. కర్మాగారములలో పనివారి చెవులకు 85 డెసిబెల్‌ల శబ్దము 8 గంటలు మించరాదని ఆరోగ్యనిపుణుల నిర్ణయము. ఆపై 3 డెసిబెల్‌లు పెరిగినపుడెల్ల కాలము సగమగును: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 100కి పావుగంట. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో కచేరీశాలలకు 100 డెసిబెల్‌ల సగటును మించరాదని ప్రమాణ మేర్పఱచినది. అదియు పెద్దలకుద్దేశించిన హద్దే. స్పీకరుముందు ఒడిలో పాపను పెట్టుకొని కూర్చుండుటకు అనుమతి కాదు. పక్కనున్నవారితో మాటాడుటకు కేకలు వేయవలసి వచ్చినచో అక్కడ శబ్దము హద్దు మీఱినదని తెలియవలెను. పాపను తీసికొని లేచి రండు. మర్యాదకై కూర్చుండవలదు.

ఇరుగుపొరుగువారి చెవులును చెవులే. మన దేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములచే రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ఆరుబయట లౌడు స్పీకరు వాడరాదు. నాలుగు గోడల మంటపములో, లోపలివారికొఱకు మాత్రమే వాడుటకు వెసులుబాటు కలదు. ఇండ్లున్న ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. ఆసుపత్రులకును, పాఠశాలలకును, న్యాయస్థానములకును 100 మీటర్లలోపు నిశ్శబ్దమండలము. మంటపపు స్పీకర్లను సరిగా కలిపినచో పెద్దగా పెట్టవలసిన పనియే యుండదు గావున, పొరుగింటి రోగికిని అది యుపకారమే.

మంటపము కుదుర్చునపుడు అడుగవలసినవి

1. మంటపపు స్పీకర్లలో పాట వచ్చునా, ప్రకటనలు మాత్రమేనా? భోజనశాలకును, పెండ్లికూతురి గదికిని వేర్వేఱు మీటలున్నవా?

2. బయటి బృందము తీగ తగిలించుటకు లైను రంధ్రమున్నదా? వేదికనుండి గదివఱకు మూడు సూదుల తీగ వేసియున్నదా?

3. బృందమువారి సంచిలో డి.ఐ. పెట్టె యున్నదా?

4. వేదిక బోర్డునకు ఎర్తు పరీక్షించిరా? ఎలక్ట్రీషియను కచేరి ముగియువఱకు ఉండునా? ఎర్తు పుల్ల విఱిగిన ప్లగ్గును కంట బడిన క్షణమే తీయించుడు.

5. కరెంటు పోయి జనరేటరు వచ్చునపుడు స్పీకర్లు 'ధబీ'మనకుండ ముందుగా ఆంప్లిఫయర్లు తగ్గించు మనిషి యెవరు? వెలిగించునపుడు మిక్సరు ముందు, ఆంప్లిఫయరు చివర. ఆర్పునపుడు ఆంప్లిఫయరు ముందు, మిక్సరు చివర.

6. అతిథులు రాకమునుపే అరగంటసేపు కలిపి చూచుటకు వేళ యున్నదా? మన పెండ్లిండ్లలో దీనికే వేళ దొరకదు. వంట రుచి చూడకుండ వడ్డింతుమా?

7. పాట సాగుచుండగా మంటపమంతయు తిరిగి విని వచ్చు మనిషి నొకరిని నియమింపుడు. మేళగాండ్రకు వెనుక వరుస వినబడదు. ఇంటి ఆడపడుచులలో తీరిక గల యెవరైనను ఈ పని చేయవచ్చును.

పాట చేరిన చోటు

అంతయు సరియగుటకు ఇరువది నిమిషములు పట్టినవి. కొందఱు విసుగుకొనిరి. కీబోర్డు పెద్దమనిషి మైకును తాను పట్టుకొని చూచి, పొడి తువ్వాలతో మా పినతల్లిగారి చేతులు తుడుచుకొనుమని చెప్పి, అప్పుడు ఆమె కందిచ్చినాడు. "బామ్మగారూ, నోటి దగ్గిరగా పెట్టుకోండి. గట్టిగా పాడక్కరలేదు, ఇంట్లో పాడినట్టే పాడండి" అన్నాడు. వాద్యములన్నియు ఆపివేసినాడు.

ఆమె పాడెను. గొంతులో వణకు కలదు. ఒకచోట చరణము మఱచి మరల అందుకొనెను. మేము వెనుకకు నడచి భోజనశాలలోనికి పోయితిమి. పాట మాకంటె ముందే అక్కడ నున్నది. కప్పులోనుండి, పక్కన కూర్చుండి చెప్పుచున్నంత మెల్లగా వచ్చుచున్నది. వంటవాండ్రు గరిటెలు ఆపిరి. విస్తళ్లు తీయుచున్న స్త్రీలు గోడకు చేరగిలి వినుచుండిరి. వియ్యపురాలు తన విస్తరి ముందు చేయి ఆపుకొని తల వంచుకొనియున్నది. మా చెల్లెలు నేతిగిన్నె పట్టుకొని నడుమ నిలిచి యుండెను. ఆమెను కేక వేసి పిలువవలసిన పని మాకు లేకపోయినది.

ఆ రాత్రి మంటపపు కుర్రవాడు విఱిగిన పుల్లను చేతిలో పెట్టుకొని మావద్దకు వచ్చి, "తెలియక చేశానమ్మా" అన్నాడు. వానికి ఎవరును నేర్పలేదు. మేమును అంతకుముందు ఎఱుగము. ఎఱిగిన పిమ్మట ఇతరులకు చెప్పకుండుట తప్పని తోచి ఈ నాలుగు మాటలు వ్రాసితిమి.